చిన్నదే చాలు

మా ఊరికి పాడటానికొచ్చినా, ఆడటానికొచ్చినా, గారడీ చేయడానికొచ్చినా అందరూ మా ఇంట్లోనే దిగుతారు. ఊళ్ళో ఉన్న ఒక్క లాడ్జీ మూతపడింది. మా అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళాక ఖాళీ అయిన గదికి, ప్రదర్శనలు పెట్టించే కమిటీవాళ్ళు 'కళాకారుల గది' అని పేరు పెట్టేశారు. నా కుట్టుమిషను పెట్టుకోవాలని నేను ఎదురుచూసిన గది అది. మిషను ఇప్పటికీ నేలమాళిగలో, బట్టలుతికే మిషను పక్కన చీకట్లో ఉంది. ఆ ఏప్రిల్ శనివారం పొద్దున్న నేను ఆ గదిలో దిండు గలీబులు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వెండెల్ గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ, "గలీబులకి కూడా ఇస్త్రీయా! పడుకుంటే నలిగేవే గదా" అన్నాడు. నిజమే, నలిగేవే. ఇన్నేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఇస్త్రీ చేసిన గలీబులే వేశాను. అతని కంటపడటం మాత్రం అదే మొదటిసారి.

"ఈవిడ మామూలు చుట్టం కాదురా" అంది మా అత్తగారు సెల్మా, ముందుగదిలోంచి. తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆవిడ మా దగ్గరే ఉంటోంది. కాళ్ళు సరిగ్గా పనిచేయకపోయినా చెవులు మాత్రం ఇంట్లో అన్ని గదుల్లోనూ ఉంటాయి. "మూడేళ్ళబట్టి మీ ఆవిడ ఈవిడ కోసం కలవరిస్తోంది. నాకు జ్వరమొస్తే ఇంత హడావిడి చూళ్ళేదు."

జ్వరమొచ్చినప్పుడు ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ తడిగుడ్డలు మార్చింది నేనే. కానీ ఆ సంగతి ఆవిడకి గుర్తులేదు, జ్వరంలో ఉంది గదా. ఇక ఆ సాయంత్రం రాబోతున్న నటి నోరీన్ కోసం కలవరించిన మాట నిజమే.

మా పద్ధతి ఏమిటంటే, రాష్ట్రంవాళ్ళు ఏటా ఒక పుస్తకం పంపుతారు. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేవాళ్ళ ఫొటోలు, వివరాలు అందులో ఉంటాయి. రైతులకి విత్తనాల కంపెనీలు పంపే జాబితాలా ఉంటుందని వెండెల్ దాన్ని విత్తనాల పుస్తకం అంటాడు. అందులోంచి ఎవర్ని పిలిచినా ఖర్చులో సగం రాష్ట్రం పెట్టుకుంటుంది, మిగతా సగం ఊరు పెట్టుకోవాలి. ఒకే రోడ్డు మీదున్న ఊళ్ళు కూడబలుక్కుని వరసగా పిలిస్తే ఇంకాస్త కలిసొస్తుంది. అందుకని మంచు పడటం మొదలవగానే నేనూ, పక్క ఊళ్ళో ఇదే పని చేసే ఐలీనూ ఫోన్లో మంతనాలకి దిగుతాం. ఆఖరికి ఎవర్ని పిలవాలో తేల్చేది కమిటీ. మా టోర్విక్ ఊరి కమిటీ అంటే వెండెల్‌తో కలిపి ఐదుగురు మగవాళ్ళు, నేను. నేనంటే కాఫీ. కాఫీతోబాటు పోస్టర్లు అంటించడం, చర్చిలో కుర్చీలు అరువు అడగడం, నాటకశాలలో మరుగుదొడ్లు కడగడం, పియానో శ్రుతి చేసే ముసలాయన్ని బతిమాలి రప్పించడం, వచ్చినవాళ్ళకి పడనివేవో కనుక్కుని పడేవి వండటం. ప్రదర్శనకి ముందు తెర ముందుకొచ్చి నాలుగు మాటలు మాట్లాడటం వెండెల్ పని. అతనికి గొంతు ఉంది. ఆ నాలుగు మాటలూ రాసిచ్చేది నేను.

ఆ గొంతుతోనే మేం బతుకుతున్నాం, కాదనను. వెండెల్ వేలంపాట వేస్తాడు. పొలాలు పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళముందు చెక్కబండి మీద నిలబడి, మైకు పట్టుకుని గుక్కతిప్పుకోకుండా పాడతాడు. ఏ వస్తువు ఎవరికి పోయిందో పక్కన కూర్చుని రాసేది నేను. ఆ పనికి జీతం ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ట్రాక్టర్లు, కలుపుతీసే మిషన్లు, చివరికి గొడ్డళ్ళు కూడా ఒక్కొక్కటిగా, పేరుపేరునా పాడతారు. వంటింటి సామాను మాత్రం అట్టపెట్టెల్లో కుక్కి, పెట్టెకింత అని వదిలించేస్తారు. ఇంటావిడ వరండాలో నిలబడి చూస్తూ ఉంటుంది. ఒకసారి ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మా అమ్మ అప్పడాలకర్ర ఆ పెట్టెలో పడిపోయిందమ్మా, తీసుకోవచ్చా?" అని అడిగింది. నేను వెండెల్‌ని అడిగాను. "ఆ పెట్టెకి పాట అయిపోయింది గదా మార్లిస్, ఇప్పుడెలా ఇస్తాం?" అన్నాడు. అతనన్నది న్యాయమే. అతని మాటలన్నీ న్యాయంగానే ఉంటాయి. వాటికి ఎదురు చెప్పడానికి నాకు ఇన్నేళ్ళలో ఒక్క మాట దొరకలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని పళ్ళెం పక్కకి జరిపేశాను. "ఏమైంది?" అన్నాడు. ఏమైందో చెప్పబోయాను. "అప్పడాలకర్ర గురించా! కొత్తది కొనుక్కుంటుందిలే" అన్నాడు నవ్వుతూ. వెండెల్ కోపిష్టి కాదు, తాగడు, నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా నాతో "నువ్వు అదృష్టవంతురాలివే" అంటారు. అదృష్టవంతురాలికి పొద్దున్నే ఎందుకు లేవబుద్ధి కావడం లేదో నాకు తెలియదు. తెలియని దాన్ని ఎవరితో చెప్పుకోవాలి?

అలాంటి రోజుల్లోనే ఐలీన్‌తో కలిసి యూనివర్సిటీ ఊరికి వెళ్ళాను. ఏటా శరదృతువులో పుస్తకంలోని కళాకారులంతా అక్కడ చేరి, మాలాంటి ఊళ్ళవాళ్ళ ముందు తలా పదినిమిషాలు ఆడి చూపిస్తారు. నచ్చినవాళ్ళని మేం రాసుకోవాలి. కత్తులు మింగేవాడు అయ్యాడు, గంటలు వాయించే కుటుంబం అయింది. ఆ తర్వాత నోరీన్ వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మామూలు గళ్ళగౌను వేసుకుని ఉంది. ఒక బల్ల, దాని మీద పిండి ముద్ద. ఆవిడ రాగ్నా అనే మనిషి అయిపోయింది. నూరేళ్ళకి పైబడిన మాట, మా ముత్తవ్వలు సముద్రం దాటి పడవలు దిగి వచ్చి ఈ బయళ్ళలో మట్టి ఇళ్ళు కట్టుకున్న కాలం. చలికాలమంతా మాట్లాడటానికి మనిషి లేక రాగ్నా రొట్టెపిండితో మాట్లాడుతుంది. పిసుకుతూ, బల్లకేసి కొడుతూ, మళ్ళీ దగ్గరికి లాక్కుంటూ మాట్లాడుతుంది. మొగుడు ఆ రోజంతా తనతో అన్న మాటలు అప్పజెబుతుంది: "తలుపు మూయి. ఉప్పేది? గాలి మళ్ళింది." అంతే. ఆ తర్వాత పిండిని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, "నేను చచ్చిపోతే ఇతనికి ముందుగా తెలిసేది పొయ్యి ఆరిపోయిన సంగతి" అంది.

నా పక్కన ఐలీన్ ఏదో రాసుకుంటోంది. నేను మాత్రం అంతమంది మధ్య, ముక్కు తుడుచుకోవడానికి గుడ్డ కూడా లేకుండా కూర్చుని ఏడ్చాను. ఎవరో నా వంటింట్లోకి వచ్చి, గిన్నెల వెనక నేను దాచిపెట్టుకున్నదాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టినట్టనిపించింది. ఇన్నాళ్ళూ అది ఏమిటో నాకే తెలియదు. తెలిశాక మాత్రం మనసులో ఒకటే పట్టుదల పుట్టింది. ఈవిడ మా ఊరికి రావాలి. వెండెల్ ముందు వరసలో కూర్చుని ఇది వినాలి. నేను చెబితే అతను జోకు వేస్తాడు, కాకపోతే న్యాయం చెబుతాడు. స్టేజి మీది మనిషి మీద జోకు వేయలేడు, న్యాయమూ చెప్పలేడు. కూర్చుని వినాల్సిందే. విన్నాక నా వైపు ఒకసారి తిరిగి చూస్తే చాలు, ఇంక నేను నోరు విప్పక్కర్లేదు. నా బతుకులో నేను గట్టిగా కోరుకున్నవి ఎన్నో లేవు, ఇదొకటి కోరుకున్నాను.

కమిటీ మొదటి ఏడాది గారడీవాణ్ణి పిలిచింది. రెండో ఏడాది పోల్కా డాన్సు పాటలు వాయించే బ్యాండుని పిలిచింది. నేను నోరీన్ పేరు ఎత్తినప్పుడల్లా కమిటీలోని బ్యాంకాయన "ఆవిడ ఒక్కతేనా? ఒక్క మనిషిని చూడటానికి టికెట్టా?" అనేవాడు. ఇంకొకాయన "ఆడవాళ్ళ నాటకమేమో, చర్చి కింది గదిలో పెట్టుకోండి" అనేవాడు. వెండెల్ ఏ పక్షమూ పట్టేవాడు కాదు. "మా ఆవిడ మనసు పడింది గదా అని నేనేం పైరవీ చెయ్యను" అనేవాడు పెద్దమనిషిలాగా. వాళ్ళంతా మెచ్చుకోలుగా తలలూపేవాళ్ళు. మూడో ఏడాది నేను వాళ్ళకి కాఫీ పోయడం ఆపి, కెటిల్ చేత్తో పట్టుకునే నిలబడి, "ఈసారి నోరీన్ రాకపోతే, వచ్చేవాళ్ళెవరికీ నేను పక్క వెయ్యను" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒప్పుకున్నారు. పక్కలు ఇంకెవరు వేస్తారని ఆలోచించి ఉంటారు.

శనివారం సాయంత్రం నోరీన్ బురద కొట్టుకుపోయిన కారులో వచ్చింది. దగ్గరగా చూస్తే స్టేజి మీదకంటే వయసు ఎక్కువ కనిపించింది, బాగా అలిసిపోయి ఉంది. ఆవిణ్ణి ఎన్నో అడగాలనుకున్నాను. రాగ్నా నిజంగా ఉండేదా, పిండి రోజూ కొత్తది కలుపుతారా, ఆ మాట రోజూ అంటుంటే నోరు వణకదా. కానీ నోరీన్ బల్ల దగ్గర కూర్చునేసరికి వెండెల్ ఎదురుగా కూర్చున్నాడు. వేలంపాటలో గుడ్డిగుర్రాన్ని కొన్న పాస్టరుగారి కథ మొదలుపెట్టాడు. మా అత్తగారు తన తుంటి కథ మొదలుపెట్టింది. నేను మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ ఓవెన్‌లోంచి తీసి, రొట్టె కోసి, ఊరగాయ బీట్‌రూట్ పెట్టి, కాఫీ పోసి, గిన్నెలు కడిగి చేతులు తుడుచుకునేసరికి నోరీన్ ఆవలిస్తూ లేచింది.

"మీవారు భలే మనిషమ్మా. కడుపు చెక్కలయ్యేట్టు నవ్వించారు" అంది నాతో.

"అందరూ అదే అంటారు" అన్నాను.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయ్యాక, పెద్ద భోజనాలయ్యాక, పశువుల పనికి వేళ కాకముందు. మా ఊళ్ళో ఇంకే వేళ పెట్టినా ఎవరూ రారు. హాలు దాదాపు నిండింది. మా అత్తగారిని చక్రాల కుర్చీలో నడవ పక్కన పెట్టాను. నా చోటు ఎప్పుడూ హాలు వెనక, లైట్ల స్విచ్చుల దగ్గర. కుర్చీ ఉండదు, గోడకి ఆనుకుంటాను. వెండెల్ మైకు పట్టుకుని తెర ముందుకొచ్చాడు. నేను రాసిచ్చిన కార్డులో మొదటి వాక్యం చదివాడు: రాష్ట్రం సాయంతో ఈ ప్రదర్శన జరుగుతోందని చెప్పాలి, అది నియమం. ఆ తర్వాత కార్డు జేబులో పెట్టేశాడు.

"ఈ నాటకాన్ని ఎంచుకున్నది మా ఆవిడ. అదిగో, వెనక గోడకి ఆనుకుని నిలబడింది చూడండి. నచ్చితే ఆవిడకి చెప్పండి. నచ్చకపోతే నాకు చెప్పండి, ఇప్పుడే ఇక్కడే పాట పెట్టేస్తాను. వంట వచ్చు, ఇంజను నడుస్తోంది, కాస్త మొరాయిస్తుంది. ఎవరైనా పాడతారా? ఒకటోసారి... రెండోసారి..."

హాలంతా గొల్లుమంది. ప్రతిసారీ ఇంతే. ఏటా ఆ జోకులో ఒక ముక్క మారుతుంది, ఈ ఏడు మారింది ఇంజను. తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను నవ్వాను. నవ్వకపోతే మొరాయించినట్టవుతుంది. నవ్వి, లైట్లార్పాను.

తెర తొలగింది. నోరీన్ గళ్ళగౌనులో వచ్చింది, నడుమ్మీద చేతులు పెట్టుకుని, "ఇక్కడ పెళ్ళాల్ని వేలమేస్తున్నారని విన్నానే. మా ఆయనకి మాత్రం చెప్పకండర్రా, ఆ డబ్బుతో గుర్రాన్ని కొనుక్కొస్తాడు" అంది. కుర్చీలు కిర్రుమనేలా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న వెండెల్ తొడమీద చరుచుకున్నాడు. ఇలాంటి జోకు ఆవిడ నోట వస్తుందనుకోలేదు. మళ్ళీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాపం, ఆవిడ బతుకుతెరువు. కొత్త ఊళ్ళో ముందు జనాన్ని దగ్గరికి తీసుకోవాలి. నవ్వించి దగ్గరికి తీసుకుని, అప్పుడు గుండెమీద కొడుతుంది.

కోడిపెట్ట మట్టి ఇంటి కప్పు మీదెక్కి పులుసుగిన్నెలో పడిన కథ చెప్పింది. కంపు చిమ్మే స్కంకు అనే జంతువు మంచం కిందికి దూరిన కథ చెప్పింది. ఇంగ్లీషు రాని రాగ్నా కొట్లో పంచదార అడగబోయి అగచాట్లు పడిన కథ చెప్పింది. జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. బల్ల పక్కనే ఉంది, దానిమీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కింద పిండి ఉంటుందని నాకు తెలుసు. నేను గోడ వదిలేసి ముందుకి వంగి నిలబడ్డాను. వెండెల్ తల వెనకభాగం నాకు కనిపిస్తోంది. ఇప్పుడు, ఈ నవ్వు ఆగగానే. కాదు, దీని తర్వాత. నోరీన్ గుడ్డ తీయలేదు. ముందుకొచ్చి, గౌను రెండు పక్కలా పట్టుకుని వంగి సెలవు తీసుకుంది. చప్పట్లు మొదలయ్యాయి.

నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది. అది నొక్కితే అయిపోయినట్టే గదా, నేను నొక్కలేదు. చీకట్లో చప్పట్లు కొట్టి కొట్టి వాళ్ళకే విసుగొచ్చింది. "మార్లిస్! లైట్లమ్మా, లైట్లు! నిద్రపోయావా?" అని ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. లైట్లు వేశాను.

నాటకశాల కింది గదిలో కాఫీ, నిమ్మకాయ కేకు బిళ్ళలు. వాటిని నేను శుక్రవారమే కోసి పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి "ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో! వచ్చే ఏడు కూడా ఇలాంటిదే పెట్టు" అని నా భుజం తట్టారు. బ్యాంకాయన "నేను ముందే చెప్పాగా, ఒక్క మనిషయినా పరవాలేదని" అన్నాడు. కప్పులు కడుగుతూ తలూపాను. నోరీన్ పొద్దుండగానే ఐలీన్ వాళ్ళ ఊరు చేరాలి, మర్నాడు పొద్దున్నే అక్కడి బడిలో ప్రదర్శన ఉంది. ఆవిడ వెనకవైపు కారు దగ్గర బల్ల మడిచి ఎక్కిస్తుంటే తడిచేతులతోనే వెళ్ళాను.

"పిండి భాగం వెయ్యలేదేం?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఏ పిండి? ఓ, చలికాలం భాగమా! అది పెద్ద నాటకంలో ఉంటుంది. మీరు చిన్నదే అడిగారు గదా."

"నేనా?"

"మీ ఇంటికి ఫోన్ చేశానమ్మా. ఏ ఊరికైనా ముందు చేసి అడుగుతాను, పెద్దదా చిన్నదా అని. మీవారే తీశారు. చిన్నదే చాలన్నారు." కారు తలుపు వేసి నా మొహం చూసింది. "ఏం, మీకు చెప్పలేదా?"

"మర్చిపోయుంటాడు" అన్నాను. తర్వాత సిగ్గు విడిచి అడిగాను. "ఇప్పుడు... అంతా వద్దు, ఆ ఒక్క ముక్క... లోపలింకా జనం ఉన్నారు. మా ఆయన కూడా ఉన్నాడు."

నోరీన్ తల అడ్డంగా ఊపింది. "చూడు తల్లీ, అది కాఫీ కప్పుల మధ్య చెప్పేది కాదు. అలా ఒకటి రెండుసార్లు చెప్పాను, ఆ తర్వాత నాకే అది చచ్చిపోయింది. మళ్ళీ బతికించుకోడానికి ఏడాది పట్టింది" అంది. నా తడిచెయ్యి తీసుకుని ఒకసారి నొక్కి కారెక్కింది. ఆవిడ తప్పేం లేదు. అయినా ఆ కారు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆవిడనే పట్టరాని కోపంతో తిట్టుకున్నాను. వేరే ఎవరి మీదా కోపం తెచ్చుకోవడం నాకు అలవాటు లేదు.

ఇంటికొచ్చే దారిలో వెండెల్ కారు నడుపుతూ నోరీన్ జోకులన్నీ మళ్ళీ తల్లికి చెప్పి నవ్వించాడు. బయట మంచు కరిగిన పొలాల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. నేను వెనకసీట్లో కూర్చుని ఏమీ అనుకోలేదు. దుఃఖం వస్తే బావుండేది. అది కూడా రాలేదు. ఇంక ఎవర్నీ పిలవడానికి లేదు. ఆ పుస్తకంలో ఇంకెవరూ లేరు. ఉన్నా, వాళ్ళూ ముందు ఫోన్ చేస్తారు. ఇదిగో ఇలాగే కారు వెనకసీట్లో, వాళ్ళిద్దరి మెడలు చూస్తూ, ఒకనాడు అయిపోతాను. వెండెల్ వేలం వేసే సామానులో నావి ఏ పెట్టెలో పడతాయో కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆ పెట్టెలు సర్దేది కూడా నేనే.

సాయంత్రం భోజనానికి నిన్నటి హాట్‌డిష్ వేడిచేసి పెట్టాను. వాళ్ళిద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. నేను పొయ్యి పక్కన నిలబడ్డాను.

"నోరీన్ ఎప్పుడైనా ఫోన్ చేసిందా?" అన్నాను.

"ఎవరూ... ఆ, చేసింది. ఎప్పుడో మంచు రోజుల్లో. అమ్మకి స్నానం చేయిస్తున్నట్టున్నావు నువ్వు. ఏదో పెద్దదుంది, చిన్నదుంది, ఏది కావాలంది. చిన్నదే చాలన్నాను." నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. "చెప్పలేదూ నీకు?"

"మంచి పని చేశావురా" అంది సెల్మా. "ఇంకాసేపయితే నా తుంటి ఊడి కిందపడేది."

"ఏం మార్లిస్, పెద్దదాంట్లో ఏముందేంటి? ఇంకో స్కంకా?" అన్నాడు.

అడిగినందుకు సమాధానం చెప్పక్కర్లేదు, అది నాకు తెలుసు. "ఏం లేదులే" అంటే సరిపోతుంది. ఇన్నేళ్ళూ అలాగే సరిపోయింది. ఆ "ఏం లేదులే" నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ రోజు ఎందుకో దాన్ని అనడానికి కూడా నాలో ఓపిక లేకపోయింది. కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. భోజనాలవుతుండగా నేను కూర్చోవడం చూసి సెల్మా ఆశ్చర్యంగా చూసింది.

"రాగ్నా పిండి పిసుకుతూ ఉంటుంది" అన్నాను. "మాట్లాడటానికి మనిషి లేక పిండితో మాట్లాడుతుంది."

"మొగుడేడీ? చచ్చిపోయాడా?"

"లేదు, ఇంట్లోనే ఉంటాడు. మంచివాడే. తాగడు, కొట్టడు. ఊరందర్నీ నవ్విస్తాడు."

"మరింకేం కష్టం ఆవిడకి?"

"అదే తెలీదు ఆవిడకి. అదే పిండిని అడుగుతుంది." నా చేతులు బల్లమీద కదులుతున్నాయి. ఆపాను. "అతనితో చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఏళ్ళ తరబడి ఉంది. చెప్పబోతే అతను నవ్వేస్తాడు. లేకపోతే న్యాయం చెబుతాడు. ఆ న్యాయం విన్నప్పుడల్లా ఆవిడ నోరు కొంచెం కొంచెం పడిపోతూ వచ్చింది. మొదట్లో ఏడిచేది. తర్వాత అది కూడా మానేసింది. పొద్దున్నే మెలకువొచ్చి, ఇంకా బతికే ఉన్నానా అని విసుక్కుంటుంది. లేచి కాఫీ పెడుతుంది."

"ఇది చెప్పకపోవడమే మంచిదయింది, జనం లేచిపోయేవాళ్ళు" అన్నాడు వెండెల్. అయినా తినడం ఆపి వింటున్నాడు.

"తనకి చేతకావడం లేదని, తన బదులు చెప్పే మనిషి కోసం వెతికింది. చాలా దూరం వెళ్ళి వెతికింది. దొరికింది. ఇంటికి పిలవడానికి నలుగురి కాళ్ళూ పట్టుకుంది. ఆ మనిషొచ్చి చెబుతుంది, మొగుడు వింటాడు, విని ఒకసారి నా మొహంలోకి చూస్తాడు, అంతే చాలనుకుంది. ఇంకేం అడగలేదు."

సెల్మా చెంచా కింద పెట్టేసింది. చప్పుడు కాకుండా, పళ్ళెం పక్కన పెట్టింది. నేను ఆగలేదు.

"ఆ మనిషి ముందుగా ఫోన్ చేసింది, ఆ మాటలు చెప్పనా మాననా అని అడగడానికి. అప్పుడు ఆవిడ లోపల అత్తగారికి స్నానం చేయిస్తోంది. మొగుడు ఫోన్ తీసి, అక్కర్లేదన్నాడు. అని, మర్చిపోయాడు."

వెండెల్ మొహం వెలిగింది. నాటకంలో తప్పు పట్టేశానన్న సంతోషంతో నవ్వబోతూ ఫోర్కు నా వైపు చూపించాడు.

"మార్లిస్, మట్టి ఇళ్ళ కాలంలో ఫోన్లెక్కడివి?"

అన్నాక, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఫోర్కు అలాగే పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"లేవు" అన్నాను.